సాయంత్రం బండి వదిలేస్తే కనిపించే తెనాలి

తెనాలిలో అడుగు పెట్టకముందే నేను ఆ ఊరిని తొమ్మిదేళ్ళు విన్నాను. అప్పట్లో మార్కాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌ని. మా ఊరి పలకల ఫ్యాక్టరీవాళ్ళు తెనాలి వ్యాపారులతో మాట్లాడాలంటే నా దగ్గర ట్రంకు కాల్ బుక్ చేసుకోవాలి. నేను గుంటూరును అడగాలి, గుంటూరు తెనాలిని అందుకోవాలి, తెనాలి ఆపరేటరు అక్కడి షాపుకు కలపాలి. షాపాయన అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని ఫోను దగ్గరికి వచ్చేలోపు లైన్లో మిగిలేది మేమిద్దరమే. ఆపరేటర్లం ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం. తను నాకు తెనాలి, నేను తనకు మార్కాపురం. అసలు పేర్లు తెలియక కాదు. తన పేరు కరుణ, నా పేరు రాజ్యలక్ష్మి. అవి ఇంట్లోవాళ్ళు పిలుచుకునే పేర్లు, మాకెందుకు అన్నట్టుండేది.

దొరికిన ఆ కాస్త సమయంలోనే తను ఊరు చెప్పేది. ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పారతాయని, నిమ్మకాయల మార్కెట్టు పక్కగా నడిస్తే చీర కొంగుకు కూడా ఆ వాసన పడుతుందని, బోసు రోడ్డులో సాయంత్రం వేసే బెల్లం జిలేబీ వేడిమీదే తినాలని. అన్నిటికన్నా ఎక్కువగా కాలవ గట్టున మేడమీద తన గది గురించి చెప్పేది. కిటికీ తెరిస్తే నీళ్ళేనట. పొద్దున్నే నీళ్ళ వెలుగు గది పైకప్పు మీద ఆడుతుందట. ట్యాంకరు కోసం బిందె వరసలో పెట్టి డ్యూటీకి పరిగెత్తే నాకు ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చేది. కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

తొంభైల మొదట్లో మా ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అవుతోందని చెప్పారు. ఎవరికి వారే నంబరు తిప్పుకుంటారు, మధ్యలో మేం అక్కర్లేదు. మమ్మల్ని వేరే ఊళ్ళలో సర్దుతామని, కావలసిన మూడు ఊళ్ళ పేర్లు సోమవారంలోగా రాసిమ్మని అన్నారు. మిగతావాళ్ళు పిల్లల చదువులు, అత్తగారిళ్ళు లెక్క చూసుకున్నారు. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. నలభై దాటాక ఒక మనిషి గొంతు కోసం ఊరు మారతానంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు కావలసింది ఆ గొంతే. మా సూపర్‌వైజరు మాత్రం, "చూడని ఊరు రాయకండమ్మా, తర్వాత ఏడుస్తారు," అన్నాడు. అందుకని శని, ఆదివారాలు పెట్టుకుని బయలుదేరాను.

అప్పటికింకా మావైపు మీటరు గేజి చిన్న లైనే. శనివారం తెల్లవారుతుండగా మార్కాపురం రోడ్డు స్టేషనులో పాసింజరు ఎక్కాను. గుంటూరుకి టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. వినుకొండ దాకా రాళ్ళు, కంప చెట్లు. నరసరావుపేట దగ్గర టీ. గుంటూరు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. అక్కడ పెద్ద లైను బండి మారాలి. మధ్యలో గంట ఖాళీ ఉంటే స్టేషను బయటే భోజనం చేసేయడం మంచిది, తెనాలి బండిలో ఏమీ దొరకదు. గుంటూరు దాటిన కాసేపటికి కిటికీ బయట రంగు మారిపోయింది. వరి కోసేసిన మళ్ళలో మినుము పచ్చగా అల్లుకుని ఉంది. ఎటు చూసినా ఏదో ఒక కాలవ. ఇంత నీరు చూస్తూ వీళ్ళు మామూలుగా ఎలా కూర్చోగలుగుతున్నారా అని ఎదుటివాళ్ళ మొహాలు చూశాను. ఒకాయన హాయిగా గురక పెడుతున్నాడు.

మేం ఎప్పుడూ ఒకరినొకరం చూసుకోలేదు కాబట్టి, గుర్తుకు చేతిలో పలక పట్టుకుని దిగుతానని చెప్పాను. నలభై దాటిన ఆడమనిషి కొత్త పలకతో ప్లాట్‌ఫాం మీద నిలబడితే చూసేవాళ్ళు చూశారు. వెనక నుంచి వినబడింది: "హలో మార్కాపురం, లైన్లో ఉన్నావా?" తిరిగి చూస్తే పొట్టిగా, నూనె రాసి బిగించి దువ్విన జుట్టుతో, నీలం నేత చీరలో ఒకామె. గొంతు మటుకు అదే. నేను, "ఉన్నా, మాట్లాడు," అన్నాను. తొమ్మిదేళ్ళు ఆగకుండా మాట్లాడినవాళ్ళం రిక్షా స్టాండు దాకా మూగవాళ్ళలా నడిచాం.

రిక్షా ఆయన, "ఎటు పోవాలక్కా?" అని అడిగాడు.

"ఊళ్ళోకి," అంది కరుణ.

"ఊళ్ళో ఎటండి?"

కరుణ నా వంక చూసింది. నేను తన వంక చూశాను. "అన్నీ తిప్పవయ్యా, మా అక్క కొత్త," అనేసింది. ఆయన రెండు గంటలు తిప్పి పది రూపాయలు తీసుకున్నాడు. గాంధీ చౌకు, సినిమా హాళ్ళు, ఆకుకూరల బజారు, నిమ్మకాయల మార్కెట్టు. బస్తాల మీద బస్తాలు పసుపుపచ్చగా, వాసన తను చెప్పినట్టే ఉంది. ఊరు నాకు నచ్చింది. పెద్ద ఊరు కాదు, కానీ జనం తీరిగ్గా, గట్టిగా మాట్లాడుకుంటారు. రెండు కొట్ల అవతల నుంచి కూడా ఎవరి గొడవేంటో వినబడుతుంది. చెవితో బతికినదాన్ని, నాకు అంతకన్నా ఏం కావాలి? అయితే ఒక సంగతి గమనించాను. ఏ వీధి వచ్చినా కరుణ కూడా నాలాగే మెడ సాచి చూస్తోంది. టిఫిన్ హోటల్లో, "ఇక్కడేం బాగుంటుంది?" అని అడిగితే సర్వర్నే పిలిచి అడిగింది.

అయిదు దాటాక, "ఇక గదికి పోదాం పద, కాళ్ళు కడుక్కోవాలి," అన్నాను. తను నన్ను కాలవ గట్టుకు తీసుకెళ్ళి అవతలి ఒడ్డున ఒక మేడ చూపించింది. పైన ఒకటే గది, పచ్చరంగు కిటికీ. కిటికీ చువ్వలకు ఎవరివో మగవాళ్ళ చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

"అది నాది కాదు మార్కాపురం," అంది. "నేనుండేది రేపల్లెలో. రోజూ పొద్దున బండికొచ్చి సాయంత్రం బండికి పోతా. స్టేషనూ, ఎక్స్ఛేంజీ, మధ్యలో ఈ గట్టూ. నాకు తెలిసిన తెనాలి అంతే. మిగతాదంతా కాల్సు చేసుకునేవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నదే."

"మరి గది?"

"ఒకప్పుడు అద్దెకిస్తామని బోర్డుండేది. పోతూ వస్తూ అందులో సామాను సర్దుకునేదాన్ని. మంచం ఇటు, స్టవ్వు అటు. మా ఆయన రేపల్లె రైసుమిల్లులో గుమాస్తా, అత్తగారేమో మంచం మీద. ఎట్టా కుదురుద్ది? నువ్వడిగావని చెప్పా. చెప్తుంటే బాగుండేది."

నాకు కోపం వచ్చింది. ఇంతదూరం వచ్చి, సోమవారం ఊరి పేరు రాయాల్సినదాన్ని, నా ముందు నిలబడి ఊరు తనకే తెలియదంటోంది. "ఆరింటికి బండుంది, మా ఇంటికి పోదాం పద," అని చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాను. "నేను రేపల్లె చూడ్డానికి రాలేదు. నువ్వు పో. నేను స్టేషన్లోనే రూము తీసుకుంటా," అన్నాను. స్టేషను దాకా ఎవరి దారిన వాళ్ళం నడిచాం. రిటైరింగ్ రూము ఖాళీగా ఉంది. ముప్ఫయి రూపాయలు కట్టి బయటికొచ్చేసరికి రేపల్లె బండి కూత వేస్తోంది. కరుణ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. నేనూ పలక తిప్పి తిప్పి చూసుకుంటూ నిలబడ్డాను.

బండి కదలబోతుండగా తను దిగేసింది. లోపల ఉన్న తమ ఊరి పెద్దాయన్ని కిటికీలోంచి పిలిచింది. "మాస్టారూ, మా ఆయనకో మాట చెప్పరా. పొద్దున బండికొస్తానని చెప్పండి."

"ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండి. ఇవాళ తెనాల్లో ఉంటున్నా."

ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు ఎలా పలికిందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇన్నేళ్ళలో ఏ కాల్‌లోనూ వినని గొంతు అది. బండి పోయింది. ప్లాట్‌ఫాం ఖాళీ అయింది. పరీక్ష ఎగ్గొట్టిన ఆడపిల్లలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

ఆ సాయంత్రం చూసిందే తెనాలి. దీపాలు పెట్టాక బోసు రోడ్డు వేరే ఊరిలా ఉంటుంది. మొదటి ఆట టిక్కెట్లకు తోసుకునేవాళ్ళు, సైకిలు మీద మల్లెపూలు, ఏదో వీధిలో హార్మోనియం పెట్టుకుని నాటకానికి పద్యం సాధన చేస్తున్న గొంతు. జిలేబీ నిజంగానే వేడిమీదే తినాలి. "ఈ దీపాలు నేనెప్పుడూ చూళ్ళేదు," అని కరుణ పదిసార్లన్నా అని ఉంటుంది. ఊరు చూపించాల్సిన మనిషి, ఊరు చూసే మనిషి ఇద్దరం కొత్తవాళ్ళమే అయ్యాం.

ఆదివారం తెల్లవారగానే మళ్ళీ కాలవ గట్టుకు పోయాం. పాలవాళ్ళు తప్ప ఎవరూ లేరు. సూర్యుడు తాటిచెట్ల పైకి వచ్చాక, ఆ పచ్చ కిటికీ తెరిచి ఉంటే లోపలికి చూశాం. పైకప్పు మీద నీళ్ళ వెలుగు ఆడుతోంది. కరుణ అలాగే నిలబడిపోయింది. "నేనూరికే అనుకుని చెప్పా," అంది మెల్లగా. "నేనొచ్చేసరికి ఎప్పుడూ ఎండ పైకెక్కేసుంటది." కళ్ళు తుడుచుకుంది.

నేను అప్పుడే చెప్పాను. "మొదటి పేరు తెనాలే రాస్తున్నా. ఆ గది ఖాళీ అయితే నేనే తీసుకుంటా. నువ్వు డ్యూటీ దిగి రావచ్చు."

తను కళ్ళు తుడుచుకున్న కొంగు నడుముకు దోపుకుంది. "నాకు బాపట్ల వేశారు," అంది. "మా ఎక్స్ఛేంజీ కూడా మారిపోతంది. వచ్చే నెల్నుంచి అక్కడ నంబర్లు చెప్పే ఎంక్వైరీలో కూర్చోవాలి."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండు వారాలైంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు రావు కదా."

తనే నా చేతిలో చెయ్యి పెట్టింది. "అయినా తెనాలే రాయి. రేపల్లె నుంచి బాపట్ల పోవాలన్నా ఇక్కడ బండి మారాల్సిందే. పొద్దునో పావుగంట, సాయంత్రమో పావుగంట. ఆ పావుగంటకి ఈ ఊళ్ళో నాకూ ఒక మనిషంటూ ఉంటుంది."

తర్వాత ఇద్దరం రేపల్లె బండెక్కాం. వేమూరు, భట్టిప్రోలు మీదుగా గంటకు పైగా పడుతుంది. కిటికీ పక్కన కూర్చోండి, దారి పొడుగునా పొలాలే. కరుణ నిన్నటి చీరతోనే నేరుగా లూథరన్ చర్చికి పోయింది. నేను వెనక బల్ల మీద కూర్చుని అందరి పాటలోనూ తన గొంతును వేరు చేసి విన్నాను. ఇంటి దగ్గర వాళ్ళాయన, "అయితే తెనాలి చూశారా, ఇద్దరూ?" అన్నాడు నవ్వుతూ. అత్తగారు మంచం మీద నుంచే నాకు చేపల పులుసు ఇంకొంచెం వెయ్యమని కేకేసింది. పలక వాళ్ళింట్లో వదిలి, మధ్యాహ్నం బండికి బయలుదేరాను. కరుణ ప్లాట్‌ఫాం చివరిదాకా నడుస్తూ వచ్చింది.

సోమవారం మూడు గళ్ళలోనూ తెనాలే రాశాను. సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. నాకు గిద్దలూరు వేశారు. తూర్పుకు పోతాననుకుంటే ఇంకా పడమరకు పోయాను. అక్కడ చేరిన మొదటి వారం ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి బాపట్ల ఎంక్వైరీకి నేనే నంబరు తిప్పాను. గుంటూరు లేదు, మధ్యలో ఎవరూ లేరు, కాల్ ఇట్టే కలిసింది. "చెప్పండి, ఏ నంబరు కావాలండి?" అంది అవతల గొంతు.

"తెనాలి కావాలండి," అన్నాను.

"లైన్లోనే ఉంది," అంది కరుణ. "మాట్లాడు మార్కాపురం."

ఆ తర్వాత నేను చాలా ఊళ్ళు చూశాను. ఉద్యోగం చేసిన ఊళ్ళలో ఏళ్ళకేళ్ళు ఉన్నాను. అయినా మీ ఊరేదని ఎవరన్నా అడిగితే ఒక రాత్రి మాత్రమే ఉన్న ఊరు నోటిదాకా వస్తుంది. రైల్లో తెనాలి మీదుగా పోయినప్పుడల్లా దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడతాను. బండి మారే జనంలో నీలం నేత చీర కోసం చూస్తాను. రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ పావుగంటే. మీరు వెళ్ళేటట్టయితే కాలవలకు నీళ్ళు వదిలే రోజుల్లో, చలి తగ్గాక వెళ్ళండి. స్టేషన్లో రూము మధ్యాహ్నమే అడిగి పెట్టుకోండి. ముఖ్యంగా సాయంత్రం రేపల్లె బండి కూత వేసినప్పుడు ఎక్కకండి, ఆ రాత్రికి ఉండిపోండి.