వంతెన పూర్తవుతుందని దిగులు

ఐర్లండ్‌లో బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా అమ్మాయి ఒక ఆదివారం నన్ను ఓమీత్ దగ్గరి నది ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఈ ఒడ్డు ఐర్లండ్, ఆ ఒడ్డు బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఐర్లండ్ ఉత్తర భాగం. మధ్యలో కొత్త వంతెన కడుతున్నారు. కంచె దగ్గర ఒక ముసలాయన క్రేన్ల వంక దిగులుగా చూస్తున్నాడు.

"ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగాను.

"త్వరలోనే. మా నాన్నకూ అదే చెప్పారు."

"త్వరలో అంటే ఏ తేదీ?"

నా మీద జాలిపడ్డట్టు నవ్వి, అవతలి ఒడ్డున తెల్లటి ఇల్లు చూపించాడు. అది వాళ్ళ అక్కదట. కారులో చుట్టూ తిరిగి వెళ్ళాలట.

"ఇక రోజూ నడిచే వెళ్ళొచ్చు," అన్నాను ఓదార్పుగా.

"అదే నా భయమమ్మా! ఇన్నేళ్ళూ దూరమని తప్పించుకున్నాను. ఇక ప్రతి ఆదివారం ఆవిడ ఉడికించిన క్యాబేజీ, దాంతో పాటు నీతిబోధ."

మా గోదావరి వైపు వంతెన పూర్తి కావడం లేదని ఏడుస్తారు. పూర్తవుతుందని ఏడ్చే మనిషిని అక్కడే చూశాను.

"మీరు ఆ ఒడ్డుకు వెళ్ళి చూసి రండి, సరిహద్దులో ఎవరూ ఆపరు," అన్నాడు.

"ఆపకపోయినా వెళ్ళను. నాకు బ్రిటన్ వీసా లేదు."

ఆయన కళ్ళు మెరిశాయి. కంచె వదిలి నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు:

"అలా వీసా లేకుండా ఉండాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి?"