గడువు దాటని హోస్ పైపులు

2020వ సంవత్సరం. నల్లగొండ జిల్లాలో గుట్టల మధ్య చదును చేసిన నేల మీద ఒక చిన్న రన్‌వే, దాని పక్కన రేకుల హ్యాంగర్, హ్యాంగర్‌ను ఆనుకుని స్టోర్. విమానం నడపడం నేర్పే ఆ ప్రైవేటు స్కూల్లో నేను స్టోర్స్ ఇన్‌చార్జిని. విమానానికి బిగించే ప్రతి భాగం, చిన్న వాషరైనా సరే, నా చేతుల మీదుగానే వెళ్లాలి. మాది చేనేత కుటుంబం. బాపు మగ్గం మీదే ఉండిపోయాడు, నేను ఐటీఐ చదివి ఇటు వచ్చాను.

స్టోర్‌లో నేను ఎక్కువ జాగ్రత్తగా చూసుకునేవి రబ్బరు హోస్ పైపులు. ఇంజిన్‌కు పెట్రోలు, ఆయిలు అందించేవి ఇవే. లోపల రబ్బరు గొట్టం, దాని మీద జడలా అల్లిన దారపు పొర, ఆపైన తొడుగు. ఇనుప సామాను తుప్పు పట్టకుండా చూసుకుంటే ఎన్నాళ్లైనా అలాగే ఉంటుంది. రబ్బరు అలా కాదు, వాడకపోయినా ముసలిదవుతుంది. అందుకే ప్రతి హోస్ మీద ‘క్యూర్ డేట్’ అచ్చువేస్తారు, అంటే ఆ రబ్బరును వేడి మీద గట్టిపరిచిన తేదీ. అక్కడి నుంచి దాని ‘షెల్ఫ్ లైఫ్’ మొదలవుతుంది, అంటే వాడకుండా దాచి ఉంచగల గడువు. ఆ గడువుకు షరతులున్నాయి. చల్లగా, చీకటిగా ఉండే చోట వంపు పడకుండా పరచాలి. రెండు చివర్లకూ మూతలు పెట్టాలి. వెల్డింగ్ మిషన్ల దగ్గర, కరెంటు మోటార్ల దగ్గర ఉంచకూడదు, ఎందుకంటే వాటి మెరుపుల వల్ల పుట్టే ఓజోన్ అనే వాయువు రబ్బరును కొరికేస్తుంది.

అప్పటి విద్యార్థుల బ్యాచ్‌లో ఎస్తేరు అనే అమ్మాయి ఉండేది. మక్తల్ దగ్గరి పల్లె. తండ్రి ఏసోబు చాలా ఏళ్లు కూలికి పోయి, తర్వాత కొంచెం చెలక భూమి కొనుక్కుని కంది వేసుకుంటున్న మనిషి. ప్రభుత్వ సాయం మీద ఆమె శిక్షణకు వచ్చింది. విమానం దిగగానే చల్లటి నీళ్ల కోసం నా స్టోర్‌కు వచ్చేది. నీళ్లు తాగి ఊరికే వెళ్లేది కాదు, అదేంది, ఇదేంది అని అడిగేది. ఒంటరిగా మొదటిసారి విమానం నడిపిన రోజు తలుపు దగ్గర నిలబడి, “అన్నా, పైకెళ్లి చూస్తే మన గుట్టలు గులకరాళ్ల లెక్కున్నయే!” అని నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. స్కూలు మూసేసి అందరినీ ఇళ్లకు పంపారు. మనుషులు లేని గదికి ఏసీ ఎందుకని యాజమాన్యం స్టోర్‌కు కరెంటు ఆపించింది. ఎండలు ముదిరిన రోజుల్లో హ్యాంగర్ తలుపులు బాగుచేయించారు. నీడ ఉంటుందని వెల్డింగ్ మిషన్‌ను స్టోర్‌లోనే పెట్టి, హ్యాంగర్ నుంచి కరెంటు లాగి నడిపారు. ఈ సంగతులేవీ అప్పుడు మాకు తెలియవు.

లాక్‌డౌన్ సడలాక తిరిగి వచ్చి స్టోర్ తాళం తీసేసరికి కాగిన రబ్బరు వాసన ముఖానికి కొట్టింది. గోడకున్న థర్మామీటర్‌లో, గది ఎంతవరకు వేడెక్కిందో చూపించే ముల్లు చివరి గీత దగ్గర ఆగి ఉంది. వెల్డింగ్ మిషన్ ఇంకా అక్కడే, హోస్‌ల అర పక్కనే ఉంది.

స్కూలుకున్న రెండు విమానాల్లో ఒకటి ఇంజిన్ ఓవర్‌హాల్‌కు వెళ్లింది, అంటే ఇంజిన్ మొత్తం విప్పి కొత్తగా బిగించే పని. మిగిలిన ఒక్కదాని మీదున్న హోస్‌ల కాలం లాక్‌డౌన్‌లోనే తీరిపోయింది. వాటిని మార్చనిదే అది ఎగరకూడదు. మార్చడానికి నా దగ్గరున్నవి ఇవే.

చీఫ్ ఇంజనీర్ వేణు సార్ ఒక హోస్ తీసి తేదీ చూశాడు.

“వీటికింకా చాన గడువున్నది కద?”

“ఉన్నది సార్. కని అది చల్లటి గదికి ఇచ్చిన గడువు. ఎండకాలమంత ఈ రూము పొయ్యి లెక్క కాలింది.”

ఆయన టార్చి వేసి లోపలికి చూశాడు. మెల్లగా వంచి చూశాడు. “కండ్లకైతే ఏం కనబడ్తలేదు.”

“నాక్కూడ కనబడ్తలేదు సార్. కని నేను ఇయ్యలేను.”

ఆయన హోస్‌ను బల్ల మీద పెట్టాడు. “నువ్విచ్చినా నేను సంతకం పెట్టలేనులే,” అన్నాడు. “మరి ఎస్తేరు సంగతేంది?”

ఆమెకు లైసెన్సుకు కావలసిన ఫ్లయింగ్ గంటలు ఇంకా కొన్ని మిగిలాయి. ప్రభుత్వ సాయం గడువును ఒకసారి పొడిగించారు, ఇక కుదరదన్నారు. కొత్త హోస్‌లు విదేశాల నుంచి రావాలి. అప్పట్లో సరుకు రవాణా ఎలా ఉందో అందరికీ తెలుసు. వేణు సార్ తెలిసిన స్కూళ్లన్నిటికీ ఫోన్ చేశాడు. ఎవరి దగ్గరా ఆ రకం హోస్‌లు లేవు. ఎస్తేరును వేరే స్కూలుకు పంపుదామని చూశాం. అనుమతులు కదలలేదు.

ఆమె స్టోర్‌కు వచ్చింది. ఈసారి నీళ్లు అడగలేదు.

“అన్నా, తేదీ ఉన్నదంట కద. మరెందుకు ఇస్తలేరు?”

చెప్పాను. విన్నది. హోస్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాకు మంచిగనే కనబడ్తున్నది. ఏమన్నయితే నాకే కద అయితది. రాసిస్త, నా పానం నా ఇష్టమని.”

“నీ పానమొక్కటే కాదు బిడ్డా. నువ్వు విమానంల పోయేటప్పుడు కింద పత్తి చేన్లల్ల ఎంతమంది ఉంటరు?”

ఆమె తల వంచుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. హోస్ చివరి మూత ఊడిపోతే దాన్ని సరిగ్గా బిగించి, అరలో వంపు లేకుండా పరిచి వెళ్లిపోయింది. ఆ మర్యాద నన్ను ఏడుపు కంటే ఎక్కువ బాధపెట్టింది.

కొత్త హోస్‌లు వచ్చాయి. కానీ అప్పటికే ప్రభుత్వ సాయం గడువు ముగిసింది.

ఆమె పెట్టె తీసుకుపోవడానికి ఏసోబు వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. నన్ను పక్కకు పిలిచి, “నా బిడ్డ ఏమన్న తప్పు చేసిందా సారూ?” అని అడిగాడు.

“లేదన్నా. ఒక్క తప్పు గూడ చెయ్యలే. ఎండకు పైపులు పాడైనయి.”

“ఎండకు పైపు పాడైతది, నిజమే. మా మందు కొట్టే పంపు పైపు గూడ పలుగుతది.” జారిన మాస్కు పైకి లాక్కుని, “గింత పెద్ద దునియాల ఇంకో పైపు దొరకలేదా సారూ?” అన్నాడు.

అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పెట్టెకు ఒకవైపు నేను పట్టుకుని రోడ్డు దాకా వెళ్లి బస్సెక్కించాను.

పక్కన పెట్టిన హోస్‌లను మళ్లీ ఎవరూ బిగించకుండా ముక్కలు చేయాలన్నది నియమం. వేణు సార్, నేను కూర్చుని వాటిని నిలువునా చీల్చాం. కొన్నింటి లోపలి రబ్బరులో వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. మిగిలినవి నిన్న చేసినట్టే నున్నగా ఉన్నాయి. అందులో ఎస్తేరు విమానానికి ఏవి పడేవో ఎవరు చెప్పగలరు? “మనం చేసింది కరెక్టే,” అన్నాడు వేణు సార్. నేను అవునన్నాను. ఇద్దరం మళ్లీ ముక్కల వైపే చూస్తూ కూర్చున్నాం.

కొన్నేళ్ల తర్వాత కల్వకుర్తి బస్టాండులో ఎస్తేరు ఎదురైంది. ఆడపిల్లల గురుకులంలో లెక్కలు చెబుతోందట. తనే నన్ను గుర్తుపట్టి వచ్చింది. టీ తాగాం.

“మొదట్ల మీ మీద మస్తు కోపముండెనన్నా.”

“ఇప్పుడు?”

“లేదు. మీ జాగల నేనున్నా ఇయ్యకపోదును.” గ్లాసు బల్ల మీద పెట్టింది. “కని ఇప్పటికీ మీద విమానం మోత ఇనబడితే నేను తల ఎత్తను. పిల్లలు ఉరికి చూస్తరు. నేను బోర్డు మీద రాసుకుంట ఉంట.”

ఇప్పుడు నేను మరోచోట పనిచేస్తున్నాను. ఎన్ని రోజులు సెలవైనా స్టోర్‌కు కరెంటు ఆపనివ్వను. ఒకే రకం హోస్‌లన్నీ ఒకే గదిలో ఉంచను. కొత్తగా చేరినవాళ్లకు, అచ్చువేసిన తేదీ ఒక్కటే చూసి మోసపోవద్దని చెబుతాను. ఇవన్నీ ఆ వేసవి నేర్పినవే. అంతకంటే కష్టంగా నేర్చుకున్నది ఇంకొకటుంది. సరైన పని చేశాక మనసు తేలికపడుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. అన్నిసార్లూ పడదు. మళ్లీ అలాంటి హోస్‌లు నా చేతికొస్తే మళ్లీ ఇవ్వననే అంటాను. మళ్లీ ఇంతే బాధపడతాను.