ఊకలో పెట్టి తెచ్చిన రేడియో

మా చిన్నప్పుడు, సూర్యాపేటలో మేమున్న ఇంటి వాకిట్లో, నాయన ఒక బ్యాటరీని ఉయ్యాలలో పడుకోబెడుతున్నాడు... పాత చీరతో కట్టిన ఉయ్యాల. ఇంట్లో కాదు, గూడుబండి కర్రలకు వేలాడుతోంది. రేడియో నడిచేది ఆ బ్యాటరీతోనే. లోపల తేజాబు ఉంటుంది, ఒలికితే చెయ్యి కాలుతుంది. బండి ఎంత కుదిపినా ఉయ్యాల నిలకడగా ఉంటుందని ఆయన నమ్మకం.

"నీ బిడ్డను గూడ గింత పైలంగ ఎయ్యలేదు గదరా ఉయ్యాలల..." అని నాయనమ్మ గడపలో నిలబడి ఎత్తిపొడిచింది.

అది 1949 ఎండాకాలం. నాకు పదేళ్లు. నాయన కచ్చేరీలో గుమాస్తా, మిర్యాలగూడకు బదిలీ అయింది. బుధవారం పొద్దున బయలుదేరితే గురువారం సాయంత్రానికి చేరతాం. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మద్రాసు రేడియోలో మా పిన్ని పాడుతుంది... పదిహేను నిమిషాలు, మొట్టమొదటిసారి. అమ్మ తన చెల్లెలి గొంతు విని మూడేళ్లు దాటింది. ఆ సంగతి చెబుతూ పిన్ని రాసిన ఉత్తరాన్ని కొంగుకు ముడివేసుకుని తిరిగేది.

సామాను జాబితా రాసింది నేనే. మొత్తం ముప్పై ఎనిమిది. పదిహేడవది రేడియో.

ఇద్దరు పట్టుకుంటే గాని లేవని బరువు. వెనక చిల్లుల అట్ట, దాని లోపల నాలుగు గాజు బల్బులు. దాన్ని బండి మీద ఎట్లా తీసుకుపోవాలో చెప్పేవాళ్లు ఊళ్లో ఎవరూ దొరకలేదు. చివరికి నాయనమ్మే తీర్పు చెప్పింది.

"తొక్కు జాడీలకు ఊక పోస్తలేమా? నలభై ఏండ్ల సంది ఒక్క జాడి పలగలే. దీనికి గూడ గంతే."

నాయన రేడియో పట్టేంత చెక్క సందుగ తేవడానికి లోపలికి పోయాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది... చుట్టూ ఊక పోస్తే పెట్టె కదలదు సరే, లోపలి బల్బులు కదలవా? వెనక అట్ట తీసి, లోపల కూడా ఊక కూరాను. ఆరు దోసిళ్లు, లెక్కపెట్టాను. వేళ్లతో గట్టిగా అదిమి, అట్ట మళ్లీ బిగించాను. ఎవరికీ చెప్పలేదు. అంత జాగ్రత్త చేసినందుకు గర్వంగా కూడా ఉండింది...

నేరేడుచర్ల దాకా రాళ్ల బాట. ప్రతి కుదుపుకూ అందరం సందుగ వైపే చూసేవాళ్లం. రెండో రోజు మూసీ దాటుతుంటే ఒక చక్రం ఇసుకలో దిగబడి బండి ఒరిగింది. సందుగ జారి అంచుకు దబ్బున తగిలింది. నాయన దాన్ని రెండు చేతులతో వాటేసుకున్నాడు. బండి తోలే ఎల్లయ్య ఎడ్లను అదిలిస్తుంటే, నాయనమ్మ ఎల్లయ్యనూ ఎడ్లనూ కలిపి తిట్టింది.

"అమ్మా, నన్నెంతన్న తిట్టు. ఎడ్లను తిట్టకు... అలిగినయంటే గీడ్నే పంటయి!" అన్నాడు ఎల్లయ్య.

అమ్మ మాత్రం మోకాలి లోతు నీళ్లలో, కొంగుముడి పట్టుకుని నిలబడి ఉంది. నేను సందుగకు చెవి ఆనించి విన్నాను. గాజు గలగల ఏమీ లేదు. "సప్పుడు లేదమ్మా!" అని అరిచాను. అప్పుడు నవ్వింది అమ్మ...

శుక్రవారం అయిదున్నరకు నాయన తీగలన్నీ కలిపి మీట తిప్పాడు. గుర్రుమని కూడా అనలేదు. ఉయ్యాలలో వచ్చిన బ్యాటరీ నుంచి ఒక్క చుక్క ఒలకలేదు. మరి లోపమెక్కడ... వెనక అట్ట తీశాడు. ఊక జలజలా రాలింది. ఊకతో పాటు పగిలిన ఒక బల్బు ముక్కలు కూడా.

"లోపల ఎవలు పోసిన్రు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అన్నది, "నేనే. బల్బులు ఊగుతయని..."

నా మొహం చూసే పోల్చుకుందో ఏమో, ఈనాటికీ తెలియదు. నాయన గాజు ముక్కలు ఏరి పక్కన పెట్టాడు. అటువంటి బల్బు మిర్యాలగూడలో దొరకదు. బాగుచేసే మనిషి కోదాడలో ఉన్నాడు. గోడ గడియారం ఆరు కొట్టింది.

అమ్మ రేడియో ముందు పీట వేసుకుని కూర్చుంది. మేమెవరం పిలవలేదు. మద్రాసులో పిన్ని పాడుతూనే ఉంటుంది ఆ సమయానికి... ఆరుంబావు కాగానే అమ్మ లేచి, మోగని రేడియో మీట తిప్పి బంద్ చేసింది.

పది రోజులకు కోదాడ మనిషి వచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. "ఊక ఏంటండీ! బల్బులు ముందే ఊడదీసి, దూదిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రావాలండీ."

నా ఒడి ఆ రెండు రోజులూ ఖాళీగానే ఉండింది...

ఆ వారమే పిన్ని ఉత్తరం వచ్చింది. అక్కా, విన్నావా? ఎట్లా పాడాను? అమ్మకు రాయడం రాదు. చెబుతుంటే నేను రాశాను. "విన్న. మంచిగ పాడినవ్. కండ్లల్ల నీళ్లొచ్చినయ్."

నా కలం ఆగింది. అమ్మ నా వైపు చూడకుండా, "రాయి బిడ్డా" అన్నది. రాశాను. నా జన్మలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే...

మొన్న మనవరాలు ఇల్లు మారింది. నలుగురు మనుషులు వచ్చి, టీవీని మెత్తటి పొరల్లో చుట్టి, గంటలో దించిపోయారు. ఎవరూ కంగారు పడలేదు, ఎవరూ దాన్ని వాటేసుకోలేదు. నా పాత జాబితా ఇంకా నా దగ్గరుంది. ఆ గురువారం సాయంత్రం సామాను దించగానే ముప్పై ఎనిమిదింటికీ చేరినట్టు గుర్తు పెట్టాను... పదిహేడవదానికి కూడా.

ఇల్లు మారినప్పుడు మీ ఇంట్లో చేరీ చేరనిది ఏది? రాయండి... తొందరలో కాదు, కుదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు రాయండి.