మండల దీక్షలో మానేసిన గోలీ

ఆ రోజు పొద్దున రోడ్డు మీద లేని బర్రెకు బ్రేకు వేశాను.

కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సుకు నేను డ్రైవర్ని. శామీర్‌పేటలో మొదలుపెట్టి, మేడ్చల్‌లో పిల్లల్ని ఎక్కించుకుని, కాలేజీకి చేర్చడం నా పని. అయ్యప్ప మాల వేసుకుని అప్పటికి ఏడో రోజు. నల్ల బట్టలు, ఒట్టి కాళ్లు, నుదుట విభూతి. మేడ్చల్ దాటగానే ఎడమవైపు నుంచి ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చింది. దాని కొమ్ములు కూడా చూశాను. బలమంతా పెట్టి బ్రేకు తొక్కితే వెనక నిలబడ్డ పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. మళ్లీ చూస్తే రోడ్డు ఖాళీ.

"ఏమైంది స్వామీ?" అన్నారు పిల్లలు.

"కుక్క అడ్డమొచ్చింది" అన్నాను. నిద్ర గురించి నేను ఆడిన మొదటి అబద్ధం అది. అప్పటికి వారం రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు.

ఇది నిద్ర పట్టనివాళ్ల కోసం రాస్తున్నాను. నిద్ర పట్టేవాళ్లు చదివినా లాభం లేదు. చివరికి "పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగు" అని సలహా ఇచ్చి వాళ్లు హాయిగా గురకపెడతారు. అలాంటి సలహాలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

కాలేజీకి రాకముందు, తొంభైల్లో, జీడిమెట్లలో ఒక కంపెనీ స్టాఫ్ బస్సు నడిపాను. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. శరీరానికి ఎప్పుడు పడుకోవాలో ఎప్పుడు లేవాలో తెలియకుండా పోయింది. దానికి తోడు మా నాయిన పోయాడు. ఆ నెలలో అసలు నిద్ర లేదు. మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్. మా దగ్గరి ఆర్‌ఎంపీ డాక్టర్ చీటీ మీద ఒక పేరు రాశాడు.

"గీ చిన్న గోలీ రాత్రి ఒక్కటేస్కో నర్సన్నా. పది దినాలు సాలు. మంచిగ నిద్ర వడతది" అన్నాడు.

దాని పేరు అల్ప్రాజోలామ్. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. చిన్న గోలీ అనే అన్నాం. చిన్నగా ఉంది కాబట్టి చిన్న మందే అనుకున్నాం. అదే వేలెడంత క్యాప్సూల్ అయ్యుంటే భయపడి ఎవరినైనా అడిగేవాణ్నేమో. పది దినాలు ఏడేళ్లయ్యాయి, ఒక గోలీ రెండయింది. మెడికల్ షాపులో చీటీ కూడా అడగలేదు. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే నిండు స్ట్రిప్పు ఇచ్చేవాడు. అబద్ధమెందుకు, ఆ ఏడేళ్లూ నేను సుఖంగానే నిద్రపోయాను. పొద్దున లేచి బస్సు సరిగానే నడిపాను.

కాలేజీలో ఉద్యోగం దొరికితే మాల వేసుకుంటానని మొక్కుకున్నాను. దొరికింది. మా వాడకట్టులో గురుస్వామి మల్లేశం, వరసకు నాకు బావ. మాల వేసే ముందు నియమాలు చెప్పాడు. మందు బంద్, మాంసం బంద్, బీడీ సిగరెట్ బంద్. నేను అడిగాను.

"బావా, నేను రాత్రి నిద్ర గోలీ ఏస్కుంట. అది ఏస్కోవచ్చునా?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "మత్తిచ్చేది ఏదైనా మందే స్వామీ. సీసల ఉంటే ఏంది, గోలీల ఉంటే ఏంది? అన్నీ బంద్."

"మరి నువ్వు షుగర్ గోలీ ఏస్కుంటవు గద?"

"అది బీమారి గోలీ. నీది మత్తు గోలీ."

మనకు మందు అంటే రెండూ. డాక్టర్ రాసేదీ మందే, బెల్టు షాపులో అమ్మేదీ మందే. నా బతుకు ఆ ఒక్క మాటలో ఇరుక్కుని ఎంత నలిగిందో చెప్పడానికే ఇదంతా. ఆ రోజు మాత్రం బావ చెప్పింది నాకు న్యాయంగానే అనిపించింది. ఏడేళ్లు రోజూ రెండు చొప్పున వేసుకున్న గోలీని మాల మెడలో పడ్డ రోజే మానేశాను.

మొదటి రాత్రి మిగతా స్వాములతో పాటు పూజ పందిట్లో చాప మీద పడుకుని కళ్లు తెరుచుకునే ఉన్నాను. కొత్త చోటు, నేల పడక అనుకున్నాను. మూడో రోజుకు చేతులు వణకడం మొదలైంది. చలికాలంలో చెమటలు. ఎవరైనా గిన్నె కింద పెడితే ఆ చప్పుడుకు గుండె దడదడ కొట్టుకునేది. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానానికి అందరికంటే ముందు నేనే తయారు. మిగతా స్వాములు నన్ను మెచ్చుకున్నారు. "గీ నర్సింహ స్వామిని జూడుండ్రి, నిద్రను గెల్సిండు" అన్నారు. నాకూ గర్వంగానే ఉండేది. నా బుద్ధి గడ్డి తిన్నదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బర్రె కనబడ్డ రోజు సాయంత్రం పూజ దగ్గర మల్లేశం బావతో సంగతంతా చెప్పాను. ఆయన మొహం గంభీరంగా పెట్టాడు.

"ఎక్కడ్నో దోషం జరిగింది స్వామీ. ఇంట్ల మాత మంచిగ పాటిస్తాందా? ఒక్కసారి అడుగు."

మాత అంటే నా భార్య యాదమ్మ. దీక్షలో భార్యను కూడా అలాగే పిలవాలి. ఇంటికెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను నిలబడే అడిగాను. దూరం ఉండాల్సిన రోజుల్లో దేవుడి అర్రలోకి గాని వెళ్లావా అని అడిగాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆమె చేతిలో కాయలు పక్కన పెట్టింది. "నీ మాల కోసం నాలుగు గొట్టంగ లేస్తున్న. సల్లనీళ్లు వోసుకుంటున్న. నన్ను అడుగుతున్నవా గీ మాట? గోలీ బంద్ జేసిన కాడికెల్లే నీకు గిట్లయితాంది. పొయ్యి నీ బావను అడుగు."

మూడో తరగతి చదివిన మనిషి ఏడో రోజే చెప్పిన సంగతి ఇది. నేను వినలేదు. పైగా మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

నలభై ఒక్క రోజులూ పూర్తి చేశాను. ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లొచ్చాను. అక్కడ మల్లేశం బావ, "ఈడ ఇడిసిపెట్టింది మల్ల ముట్టొద్దు" అన్నాడు. ఒకరు బీడీ వదిలారు, ఒకరు కల్లు వదిలారు. నేను గోలీ వదిలానని దండం పెట్టుకున్నాను. మాల తీస్తే నిద్ర వస్తుందనుకున్నాను. రాలేదు. గంటో గంటన్నరో మగతగా ఉండేది, అంతే.

మేడ్చల్‌లో ఒక నర్సింగ్ హోంకు ఒక్కణ్నే వెళ్లాను. అక్కడి డాక్టర్ మంచివాడే, కోస్తా వైపు మనిషి. బీపీ చూశాడు. షుగర్, థైరాయిడ్, ఈసీజీ రాశాడు. మధ్యలో అడిగాడు.

"మందు అలవాటుందా?"

"మాల ఏసుకున్ననాడే బంద్ జేసిన సార్."

"వెరీ గుడ్. మళ్లీ మొదలుపెట్టకండి."

ఆయన అడిగింది తాగుడు గురించి. నేను చెప్పింది గోలీ గురించి. ఇద్దరం సంతోషించాం. ఆ సంతోషంలో ఆయన వేరే ఏ గోలీలు వాడేవాడివని అడగలేదు, నేను చెప్పలేదు. గోలీ మళ్లీ ముట్టొద్దని దేవుడి దగ్గర విన్నది డాక్టర్ కూడా అన్నాడని నాకు ధైర్యం వచ్చింది.

రిపోర్టులు వచ్చాయి. "అన్నీ నార్మల్. స్ట్రెస్ తగ్గించుకోండి" అన్నాడు. కాగితాల ప్రకారం మేడ్చల్ మొత్తంలో నా అంత ఆరోగ్యవంతుడు లేడు. స్టీరింగ్ మీద చెయ్యి వేస్తే మాత్రం వేళ్లు నా మాట వినేవి కావు.

ఒక దశలో తట్టుకోలేక దొంగచాటుగా షాపులో స్ట్రిప్పు కొన్నాను. ఒక రోజు వేసుకుని చచ్చినట్టు పడుకున్నాను. పొద్దున లేస్తే పాపం చేశానని భయం. మూడు రోజులు మానేశాను. మళ్లీ వేశాను. యాదమ్మకు చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు. నిద్ర లేదని చెబితే స్టీరింగ్ తీసేసుకుంటారు. ఆ భయంతోనే రోజూ నలభై మంది పిల్లల్ని నా వెనక కూర్చోబెట్టుకున్నాను. గోలీ తప్పు, బావ తప్పు అని ఎన్నైనా అంటాను గాని, ఇది మాత్రం అచ్చంగా నా తప్పు.

ఎండాకాలం మొదలవుతుండగా జరిగింది. కాలేజీకి తిరిగే మలుపు ముందు. నేను నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ మాట ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. కానీ మధ్యలో కొన్ని క్షణాలు నాకు లేవు. తెలివొచ్చేసరికి బస్సు ముందు భాగం కల్వర్టు గోడకు గుద్దుకుని ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు. చాలామందికి దెబ్బలు పైపైనే తగిలాయి. సెకండియర్ అమ్మాయి ఒకామె ముందు కమ్మీకి కొట్టుకుంది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. పరీక్షలకు మూడు వారాలుంది.

ఆసుపత్రికి ఆమె తండ్రి వచ్చాడు. కొత్త కాలనీలో ఉంటారు, బ్యాంకు ఉద్యోగి. నా చొక్కా పట్టుకున్నాడు.

"మందు కొట్టి బస్సు నడుపుతావా? లోపలున్నది పిల్లలనుకున్నావా, గొడ్లనుకున్నావా?"

పోలీసులు నా నోటి వాసన చూశారు. ఏమీ లేదు. మందు కొట్టినందుకు కాదు, మందు మానినందుకు ఇలా అయిందని ఆయనకు చెప్పాల్సింది. అప్పటికి నాకే తెలియదు. కాలేజీవాళ్లు సాయంత్రానికల్లా నన్ను తీసేశారు. సరిగ్గానే చేశారు.

అప్పుడు యాదమ్మ నా మాట వినడం మానేసింది. సికింద్రాబాద్‌లో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి బయల్దేరదీసింది. వాడకట్టులో అందరూ "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికా?" అని అడిగారు. "మీరు గూడ వస్తరా?" అని ఆమె తిరిగి అడిగింది.

డాక్టరమ్మ పెద్దావిడ. ఏమేం మందులు వాడారని అడిగింది. నేను నోరు తెరిచేలోపు యాదమ్మ కొంగుముడి విప్పి ఖాళీ స్ట్రిప్పులు బల్ల మీద పోసింది. పాతవీ ఉన్నాయి, నేను దొంగచాటుగా కొన్నవీ ఉన్నాయి. అన్నీ ఏరి దాచింది.

"గివి తింటుండె మేడం, ఏడేండ్లు. మాల కోసమని ఒక్క దినంల బంద్ జేసిండు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఒక్క రోజులోనా? ఏడేళ్లు వాడి?" అని నా వైపు చూసింది. "ఇది విత్‌డ్రావల్ అయ్యా. రీబౌండ్ ఇన్‌సోమ్నియా అంటాం, ఒక్కసారిగా ఆపితే ఉన్న నిద్ర కూడా పోతుంది. ఈ బిళ్లను వారాలు, నెలలు తీసుకుని తగ్గించాలి. టేపరింగ్ చేయాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

ఏడో రోజు చిక్కుడుకాయల దగ్గర విన్నదే మళ్లీ ఇంగ్లీషులో విన్నాను. యాదమ్మ నా వైపు చూడలేదు. చూసుంటే నేను అక్కడే ఏడ్చేవాణ్ని.

గోలీ మార్చి, మెల్లగా తగ్గించడానికి వీలైన డయాజెపామ్ ఇచ్చింది. రెండు వారాలకోసారి కొంచెం తగ్గించడం. దాంతోపాటు నియమాలు. రోజూ ఒకే టైముకు లేవాలి, పగలు పడుకోకూడదు, నిద్ర రాకపోతే పక్క మీద దొర్లకుండా లేచి కూర్చోవాలి. మండల దీక్షకన్నా కష్టమైన దీక్ష అది, ఎవరూ దండం పెట్టరు. ఐదో నెలలో తొందరగా మానేస్తే ఎక్కడైనా డ్రైవర్ ఉద్యోగం వస్తుందన్న ఆశతో రెండు మెట్లు ఒకేసారి తగ్గించాను. వణుకు, చెమటలు అన్నీ తిరిగొచ్చాయి. డాక్టరమ్మ కోప్పడింది. "ఏమయ్యా, మళ్లీ మాల వేసుకున్నావా?" అంది. మొత్తం పదమూడు నెలలు పట్టింది. ఈ మధ్యలో రెండు గ్లాసుల కల్లు తాగితే నిద్ర వస్తుందని సలహా ఇచ్చినవాళ్లలో నాతో మాల వేసుకున్న స్వాములూ ఉన్నారు.

ఇప్పుడు ఏ గోలీ లేదు. రాత్రికి నాలుగున్నర గంటలు, అదృష్టం బాగుంటే ఐదు. చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతేసిన చోట మాకు మిగిలిన అరెకరంలో కూరగాయలు పండిస్తున్నాం. లైసెన్సు ఉంది. కానీ మనుషుల్ని ఎక్కించుకునే బండి ముట్టను. మల్లేశం బావ ఇప్పుడు మాల వేసేటప్పుడు, డాక్టర్ గోలీలు మానొద్దని అందరికీ చెబుతాడట. నాతో మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. యాదమ్మను క్షమాపణ అడిగాను. "నిద్ర లేక మాట్లాడినవనుకుంట. గట్లనుకోకుంటే నీతోని బతకలేను" అంది. అంతకన్నా ఎక్కువ అడిగే ముఖం నాకు లేదు.

ఆ అమ్మాయిని చూడాలని ఒకసారి వాళ్ల కాలనీకి వెళ్లాను. తండ్రి గేటు తీయలేదు. నేనైనా తీసేవాణ్ని కాదు.

నిద్ర గోలీ వాడుతున్నవాళ్లకు చెప్పేది ఒక్కటే. ఎవరు చెప్పినా, దేవుడి పేరు మీద చెప్పినా, దాన్ని ఒక్క రోజులో ఆపకండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా స్ట్రిప్పు జేబులో పెట్టుకుని వెళ్లండి. అడిగినా అడగకపోయినా తీసి బల్ల మీద పెట్టండి. మేడ్చల్‌లో ఆ డాక్టర్ బల్ల మీద నేను పెట్టి ఉంటే, ఆ పిల్ల ఆ సంవత్సరం పరీక్షలు రాసుకునేది.