తాళంచెవి విప్పిన డాక్టరాపా

మా పురానాపూల్ డాక్టరాపా, అందరూ అక్క అన్నట్టు ఆపా అని పిలిచే పిల్లల డాక్టరు, ఇక లేరు. గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చే ఆమె మొన్న పొద్దున గడపలో గంప దించుతూనే చెప్పింది: "అక్కా, మీ డాక్టరాపా పోయిందట. గల్లీ అంత జనమే." ఆ రోజు దీపం పెట్టి ఆపా కోసం కూడా దండం పెట్టుకున్నాను. మా ఇంటి కోసం ఆమె ఎన్నిసార్లు దువా చేశారో నాకు తెలుసు.

పిల్లల పొట్ట మీద చేయి వేసేముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకునేవారు. ముందు తల్లిని అడిగేవారు కాదు. "నువ్వు చెప్పు బిడ్డా, మీ అమ్మ తర్వాత చెప్తది" అనేవారు.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట. ఏ జబ్బూ లేని పిల్లల మెదడు తరంగాలు ఎలా ఉంటాయో పెద్దాసుపత్రిలో చూస్తున్నారని, దాన్ని తీసుకెళ్లమని ఆపాయే అడిగారు. తలకు నూనె పెట్టకుండా తీసుకెళ్లాను. వైర్లు అంటించాక అది హాయిగా నిద్రపోయింది. కాగితం మీది గీతలు చూసి అక్కడి కుర్ర డాక్టరు ముఖం మాత్రం మారింది. "మూర్ఛ ఉన్నవాళ్లకు వచ్చే గీతలమ్మా ఇవి" అంటూ మందు రాసిచ్చాడు. అడుగుదామంటే ఆపా అప్పటికే హజ్‌కు ఓడ ఎక్కేశారు.

బళ్లో నలుగురి ముందు పడిపోతే జన్మంతా ఆ పేరే మిగులుతుందని మా అత్తమ్మ భయం. నాదీ అదే. అత్తమ్మ దాని బడి మాన్పించి, నీలం యూనిఫాం గౌను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. మూర్ఛకు ఇనుము మంచిదని ఆ తాళంచెవినే దాని మొలతాడుకు కట్టింది. విప్పకూడదు కనుక పెట్టె మళ్లీ తెరవనేలేదు. నేను మందు సీసాను దేవుడి పటాల ముందు పెట్టాను. పోయడానికి చేయి రాలేదు. పిల్ల ఒక్క క్షణం పలకకపోతే పరుగెత్తుకెళ్లి భుజం పట్టి కుదిపేదాన్ని.

నాలుగైదు నెలలకు హజ్ నుంచి రాగానే ఆపా ఖర్జూరాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. మొలతాడు చూశారు.

"ఇదేంది బేటీ, పిల్లకు తాళం ఏసిండ్రా?"

"మూర్ఛ రాకుండ కట్టిన, డాక్టరమ్మా" అంది అత్తమ్మ.

"కట్టకముందు ఎప్పుడన్న వచ్చిందా?"

"రాలే."

"మరింక దేనికి?"

ఆపా ఖర్జూరాల కాగితంతో చిన్న గాలిపంకా చేసి, ఆగకుండా ఊదమని పిల్లకు ఇచ్చారు. అది ఊదుతున్నంతసేపూ దాని కళ్లలోకే చూస్తూ కూర్చున్నారు. చివరికి అది ఆయాసపడుతూ, "ఖర్జూరం ఎప్పుడిస్తవు?" అని అడిగింది. ఆపా పకపకా నవ్వారు.

"గీ రకం మూర్ఛ ఉంటె గట్ల ఊదంగ పిల్ల చూపు నిలిచిపోతది, దీనికి నిలువలే. ఏ జబ్బు లేని పిల్లలల్ల గూడ కొందరికి గట్లనే గీతలొస్తయి బేటీ. పెద్దగైతుంటె అవే పోతయి. పంపింది నేనే, గీ ముచ్చట చెప్పి పోయేదుండె, నా తప్పు. కాగితం మంచంల పడలే, పిల్లా పడలే. మందు ఎవరికి పోస్తవు? ఎప్పుడన్న మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిపోతే నా దగ్గరికి ఉరికిరా. లేకుంటె బడికి పంపు."

ఆ అవసరం ఎన్నడూ రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళుతోంది.

ఆపా తన చేతులతోనే తాళంచెవి విప్పి అత్తమ్మకు ఇచ్చారు. పెట్టె తెరిచి గౌను తొడిగితే మోకాళ్ల పైకి వచ్చింది.

"అయ్యో, గింత పొట్టిగైందేంది!" అంది అత్తమ్మ.

"మీరు ఫికర్ చేసుకుంట కూసున్నరు. అది పెరుగుకుంట పోయింది" అన్నారు ఆపా.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఎన్నాళ్లకో హాయిగా ఏడ్చాను. ఆపా అదేమీ పట్టించుకోకుండా నేల మీద చతికిలబడి, జడలోంచి పిన్ను తీసి, గౌను అంచు కుట్లు విప్పసాగారు. పిల్ల ఖర్జూరం చప్పరిస్తూ కదలకుండా నిలబడింది. లోపల మడతలో దాగిన నీలం, ఎండ తగలని కొత్త రంగు, ఆమె వేళ్ల కింద కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది.