తిరుగు పంటు డబ్బులు

నా చిన్నప్పుడు మా తాతయ్యకి ఉన్న సరదా ఒక్కటే, ఎడ్ల బండ్ల పరుగు పందేలు. అవతలి లంకల్లో పందెం ఉందంటే చాలు, కొట్టు కట్టేసి, మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు ఎక్కేవారు. పందెం కాయడానికి ఇంత డబ్బు అని ముందే విడిగా పెట్టుకునేవారు. అది అయిపోతే ఇంక చూడటమే. అప్పు చేసి కాయడం, పోయినదాని కోసం మళ్ళీ కాయడం ఆయన ఇంటా వంటా లేవు.

అంతటి మనిషికీ తన మీద తనకి పూర్తి నమ్మకం లేదని, నన్ను తోడు తీసుకెళ్ళిన రోజున తెలిసింది. బయలుదేరేముందు తిరుగు పంటు డబ్బులు నా రుమాల్లో ముడివేసి, “అక్కడ నేనే అడుగుతానమ్మా. తిట్టినా సరే, ఇవ్వకు” అన్నారు. ఇంట్లో అందరిలోకీ నేనే మొండిఘటాన్ని. అందుకే ఆ ఉద్యోగం నాకు దక్కింది. ఎంత పొంగిపోయానో!

మధ్యాహ్నానికల్లా ఆయన డబ్బు అయిపోయింది. చివరి పందేనికి తెల్ల గిత్తల జత ఒకటి వచ్చింది. దాన్ని చూడగానే తాతయ్య ముఖం మారిపోయింది. నా ముందు చెయ్యి చాచారు.

“ఏదమ్మా, ఇలా ఇయ్యి. ఈ జతకి తిరుగులేదు.”

నేను రుమాలు గుప్పిట్లో బిగించి తల అడ్డంగా ఊపాను.

“ఏమే, ఇయ్యమంటున్నానా! నా డబ్బులు నాకివ్వడానికి నీకేం నొప్పే?”

ఆయన నన్ను ‘ఏమే’ అని ఏనాడూ పిలిచి ఎరగరు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. “ఇచ్చెయ్యమ్మా, పెద్దాయన అడుగుతున్నారు కదా” అన్నారు ఒకాయన. ఇస్తే పొద్దుటి తాతయ్యకి ఇచ్చిన మాట పోతుంది, ఇవ్వకపోతే ఎదురుగా ఉన్న తాతయ్య నన్నిక దగ్గరికి రానివ్వరు. పారిపోదామంటే చుట్టూ జనం, ఆ వెనక గోదావరి. ఏడుస్తూ నేల మీద కూలబడ్డానే గానీ గుప్పిట విప్పలేదు.

తెల్ల గిత్తలే గెలిచాయి.

జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. తాతయ్య రేవు వైపు నడిచారు. ఆయన వెనకాలే నేను. పంటు మీద ఇంక ఆపుకోలేక, “నా వల్లే పోయింది కదా తాతయ్యా” అని బావురుమన్నాను.

ఆయన నీళ్ళకేసి చూస్తూనే, “ఆ జత ఓడిపోయుంటే నిన్ను మెచ్చుకోవడం తేలికయ్యేదమ్మా. ఇప్పుడు నాకు కోపంగానే ఉంది” అన్నారు. “అయినా ఈసారి పందేనికీ నువ్వే రావాలి. ఇవాళ ఇచ్చుంటే, గెలిచిన రుచి మరిగి రేపు కొట్టు తాళాలు కూడా అడిగేవాణ్ణి.”

ఇప్పుడు మా మనవలు ఫోన్లో క్రికెట్ చూస్తూ స్నేహితులతో పందేలు కాసుకుంటున్నారు. “ముందే ఇంత అనుకుని, అక్కడితో ఆపండర్రా” అంటే, “మాకు తెలుసులే అమ్మమ్మా” అని నవ్వుతారు. తెలిసినవాళ్ళని చూస్తేనే నాకు భయం. మా తాతయ్యకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఆయన నన్నెంత ముద్దుగా పెంచారో! అయినా ఆయన పేరు తలచుకోగానే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, ముందుగా నా కళ్ళకి కట్టేది ఆ ఎండలో నా ముందు చాచిన చెయ్యే.