కారులో మొలిచిన సోనా మసూరి

ఆ రోజుల్లో మా బళ్లారి పక్క ఎవరిని కదిలించినా మైన్సు మాటే. మన కొండల్లో ఎర్రమన్ను ఓడలెక్కి పోతోందట, దానికి ఇంతింత రేటు పలుకుతోందట అని టీ అంగళ్ల ముందర నోళ్లు తెరుచుకుని చెప్పుకునేవాళ్లం. తవ్వుకోవడానికి కొండ లేకపోయినా మన్ను మోసే లారీ అయినా ఉండాలని, లారీకి తాహతు చాలనివాళ్లకు తవ్వించే సార్లను తిప్పే కారైనా ఉండాలని అందరికీ ఒకటే యావ. నాకప్పుడు ఇరవై దాటాయి. బీకాం తప్పాను. (మళ్లీ కట్టమని ఇంట్లో ఎవరూ బతిమాలలేదు, అదొక్కటే బాధ.) సిరుగుప్ప దగ్గర దేశనూరులో మా పెద్దనాయన వరిమళ్లకు నీళ్లు కట్టడం నా ఉద్యోగం. పార భుజాన వేసుకుని, మోకాలిలోతు బురదలో దిగి, ఈ మడవ తెరిచి ఆ మడవ మూసి, ఆ మడి నిండేదాకా గట్టుమీద కొంగలా నిలబడాలి. ఆ పని పేరెత్తితే నాకు ఒళ్లు మండేది.

పెద్దనాయన సంగతి వేరు. ఆయనకు నీళ్లంటే ప్రాణం. కాలవ చివర భూమి కావడంతో, పైవాళ్లు వదిలిపెట్టిన నీళ్లే మాకు గతి. చుక్క వృథాగా పోతే ఓర్చుకునేవాడు కాదు. కాలవకు యాడ గండి పడినా ముందు కబురొచ్చేది మా ఇంటికే. "పోయే నీళ్లను చూస్తా కూచున్నోడు రైతు గాదప్పా" అని ఎవరు దొరికినా చెప్పేవాడు. ఇంట్లో కొళాయి బొట్టు కారితే అన్నం ముందునుంచి లేచిపోయి మరీ బిగించి వచ్చేవాడు.

అంతటి మనిషికీ మైన్సు గాలి తగిలింది. సెకండ్‌హ్యాండులో ఒక తెల్లని ఏసీ కారు కొన్నాడు. తారానగర్ పక్కన ఒక మైనింగు ఆఫీసులో పెద్దసారును తిప్పడానికి నెలబాడుగకు మాట్లాడి, నన్ను డ్రైవరుగా కూర్చోబెట్టాడు. (ట్రాక్టరు తోలడం వచ్చినవాడికి కారెంతసేపు!) "వారం దినాలు చూస్తారంట. నచ్చితే ఉంచుకుంటారు. నచ్చక తిరిగొస్తివంటే కారు అమ్మి పారేస్తా, నువ్వు మళ్లా పార పట్టుకో" అన్నాడు. ఆ మాట నా నెత్తిన నిప్పులు పోసింది. ఏమైనా సరే, ఈ కారు దిగి ఆ బురదలో కాలు పెట్టకూడదని మా ఇలవేలుపుకు మొక్కుకుని బయలుదేరాను.

పెద్దసారు కన్నడాయన. భారీ మనిషి, మాట తక్కువ. గుంతల దారిలో వెనక కూర్చుంటే నడుము విరుగుతుందని ముందు సీట్లోనే కూర్చున్నాడు. "ఏసీ జాస్తి మాడప్పా" అన్నాడు. జాస్తి చేశాను. బయట మే నెల ఎండ, ఎర్రదుమ్ము, ఎదురుగా తెగని లారీల వరుస. లోపల చల్లగా ప్రాణం లేచొస్తోంది. సొండూరు దాటకముందే సారు కాళ్లవైపు చూసుకుని, మేజోడు విప్పి పిండాడు. ధారగా నీళ్లు! "ఏనప్పా, కారల్లి కెరె ఇట్కొండిద్దీయా?" అన్నాడు, కారులో చెరువు పెట్టుకున్నావా అని. "కొత్తలో ఇట్లే ఉంటుంది సార్" అన్నాను. సెకండ్‌హ్యాండు కారుకు కొత్తేమిటో ఆయన అడగలేదు, నా అదృష్టం.

మధ్యాహ్నం ఆయన మీటింగులో ఉండగా బళ్లారికి పరుగెత్తి, లారీల షెడ్డులో ఒక మేస్త్రీ భాయి కాళ్లమీద పడ్డంత పని చేశాను. ఆ రోజుల్లో మేస్త్రీలందరికీ లారీలంటేనే మర్యాద. కారు తీసుకుపోతే సైకిలు తెచ్చినట్టు చూసేవాళ్లు. ఆ భాయి లారీ కిందనుంచి తల మాత్రం బయటపెట్టి, "నీళ్లా? ముందర గ్లాసు రబ్బరు పోయింటాది. గమ్ము పట్టించుకో, జావ్" అని మళ్లీ లోపలికి పోయాడు. వానచుక్క పడి ఎన్ని నెలలైందో, అద్దంనుంచి నీళ్లెట్లా వస్తాయని అడిగే బుద్ధి నాకుండాలి కదా! బుద్ధిగా గమ్ము కొని అద్దం చుట్టూ పట్టించాను. మర్నాడు సారు రెండు మేజోళ్లూ తడిశాయి. పైగా కారంతా గమ్ము వాసన. ఆయన బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు సీటుమీదికి ముడుచుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గనుల దగ్గర జనం ఆయన్ను ఆ భంగిమలో చూసి నమస్కారాలు ఇంకాస్త వంగి పెట్టారు.

ఇక నా సొంత తెలివి బయటికి తీశాను. డిక్కీలో ఊరినుంచి వచ్చిన గోనెసంచి ఒకటి ఉంది. దాన్ని మడతలు వేసి సారు కాళ్లకింద పరిచి, పైన రబ్బరు మ్యాటు వేశాను. సంచి నీళ్లన్నీ తాగేసింది. సారు కాళ్లు కిందికి దించాడు. నేను ఇంజనీరు చదవాల్సినవాణ్ని, అనవసరంగా బీకాం తప్పానే అనిపించింది. రెండు మూడు రోజులు హాయిగా గడిచాయి. ఈల కూడా వేశాను.

శనివారం సారు పెన్ను కింద పడింది. తీసుకోవడానికి వంగినాయన ఎంతకూ లేవడే! చూస్తే మ్యాటు అంచుపొడుగునా తెల్లగా మొలకలు. అది విత్తనం సంచి. మూలల్లో మిగిలిన వడ్లు నా పుణ్యాన నీళ్లు తాగి, సారు పాదాల వెచ్చదనానికి ఎంచక్కా మొలకెత్తాయి. సారు ఒక మొలకను వేళ్లతో తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "భత్త బెళెసిద్దీయల్లప్పా! యావ తళి?" అన్నాడు. వరి పండించావే, ఏ రకమని! "సోనా మసూరి సార్" అన్నాను. "బీజ చెన్నాగిదె" అన్నాడు. విత్తనం బాగుందట! ఆయనదీ కాలవకింది ఊరేనని నాకప్పుడే తెలిసింది. బతికానురా అనుకునేంతలో మొహం గంభీరంగా పెట్టి, "ఆదరె సోమవార నీరు కండ్రె, నిన్న గాడి బేడ" అన్నాడు. సోమవారం నీళ్లు కనిపిస్తే కారూ వద్దు, నేనూ వద్దు.

ఆదివారం పొద్దున ఊరు చేరి, సంచిని పెద్దనాయన ముందర పడేసి జరిగిందంతా చెప్పాను. ఆయన పంచాయితీకి పోవడానికి ఇస్త్రీ తెల్లబట్టల్లో ఉన్నాడు. సంచి విప్పి చూసి, "మండె బాగా కట్టినావు గదప్పా! మడి కాడ ఇంత బాగా ఎప్పుడన్నా కట్టినావా?" అన్నాడు. విత్తనాలు నానబెట్టి మొలకెత్తించడాన్ని మావైపు మండె కట్టడం అంటారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎగతాళి చాలు పెద్దనాయనా! నీళ్లు యాడ్నుంచి వస్తాండాయో చెప్పు."

"వచ్చేది తర్వాత చూద్దాం. మొలకొచ్చిందంటే నీళ్లు నిలిచినాయని. నిలిచినాయంటే పోయే దావ లేదని. ఈ కారుకు మడవ యాడుండాది?"

"కారుకు మడవ ఏంది?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న పెద్దమ్మ చేట ఆపింది. "ఏమబ్బా, కారు తెచ్చిన పొద్దు కిందికి దూరి ఏందో కొడితివి గదా?"

పెద్దనాయన మొహంలో రంగు మారింది. కాసేపు మీసం సవరించుకున్నాడు. "అవును, కింద ఒక గొట్టంలోనుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారతాండె. తూటు పడిందేమోనని వేపపుల్ల చెక్కి బిరడా కొట్టినా, పైన సైకిలు ట్యూబు కూడా చుట్టినా. మరి నీళ్లు పోతాంటే చూస్తా కూచోమంటావా?"

"నువ్వు గండి పూడ్చకుండా ఉండలేవు సామీ!" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. ఏసీ నీళ్లు బయటికి పోవడానికే ఆ గొట్టం పెట్టారు. దాన్ని ఈయన కాలవ గండి మూసినంత శ్రద్ధగా మూశాడు. ఆ నీళ్లు ఇంకెటు పోతాయి, పెద్దసారు మేజోళ్లలోకి తప్ప!

పంచాయితీ సంగతి మరిచి, తెల్లబట్టలతోనే కారు కిందికి దూరాడు. ట్యూబు విప్పి, పుల్ల పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. వారంనుంచి బిగబట్టిన నీళ్లు, గనుల దుమ్ముతో కలిసి ఎర్రగా, భళ్లున ఆయన మొహంమీద పడ్డాయి. "తల్లీ గంగమ్మా!" అని ఒక కేక. పెద్దమ్మా నేనూ పరుగెత్తి వంగి చూశాం. మీసంనుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి, చొక్కా హోళీ ఆడినట్టుంది. ఆ స్థితిలో ఆయన అన్న మొదటి మాట, "రేయ్, చూస్తావేందిరా, బకీటు తే! నీళ్లు పోతాండాయి!"

సోమవారం సొండూరు దాటాక సారు మ్యాటెత్తి చేత్తో తడిమి చూసుకున్నాడు. పొడి! బూట్లు తొడుక్కుని కాళ్లు చాపాడు. తర్వాత, నేను మళ్లీ డిక్కీలో వేసుకొచ్చిన సంచిలోంచి ఆ మొలకలు అడిగి తీసుకుని, ఒక డబ్బాలో మన్ను పోసి నాటించి, ఆఫీసు కిటికీలో పెట్టించాడు. బల్లలు, ఫైళ్లు, మనుషుల కనుబొమ్మలు కూడా ఎర్రబడిపోయిన ఆ ఆఫీసులో పచ్చగా ఉన్నది ఆ డబ్బా ఒక్కటే. గనులు మూతపడేదాకా ఆయన్ను నేనే తిప్పాను.

మూతపడ్డాక ఎటు పోతాను? దేశనూరుకే వచ్చాను. ఏ పార నుంచి తప్పించుకోవాలని అంత తంటాలు పడ్డానో ఆ పారే ఇప్పుడు నా భుజంమీద ఉంది. చెబితే నవ్వుతారు గానీ, మడి నిండుతుంటే గట్టుమీద నిలబడటం నాకిప్పుడు బాగానే ఉంటుంది. మడికి పోవడానికి ఒక చిన్న కారు కూడా ఉంది, ఏసీదే. మోకాళ్లు పట్టేసి పెద్దనాయన వాకిట్లో మంచంమీదే ఉంటాడు. నేను కారు ఆపిన చప్పుడు వినగానే అక్కణ్నుంచే కేక పెడతాడు, "కింద గిన్నె పెట్టినావాప్పా?" అని. ఆ దోసెడు నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయాలి, అది ఆయన ఆజ్ఞ. "పెడతాలే, నీదొక పిచ్చి!" అని విసుక్కుంటాను. విసుక్కోకపోతే ఆయనకు తోచదు. గిన్నె మాత్రం ఆయన అడగకముందే పెట్టేసి ఉంటాను.